నెర్ఫ్ బ్లాస్టర్ దూరం పెరగాలంటే: స్ప్రింగు జోలికి పోయే ముందు చేయాల్సిన పనులు

"అన్నా, ఏ స్ప్రింగు వేస్తే ఎక్కువ దూరం పోతుంది?" తిరుపతి, చిత్తూరు, శ్రీకాళహస్తి, పుత్తూరు... నెర్ఫ్ బ్లాస్టర్ల గురించి, అంటే ఫోమ్‌తో చేసిన మెత్తటి డార్టులు కొట్టే బొమ్మ తుపాకుల గురించి, ఏ ఊరి పిలకాయలు అడిగినా ఇదే ప్రశ్న. అందుకే ఒకసారి వివరంగా రాస్తున్నాను. స్ప్రింగు చివరి పని. ముందు గాలి లీకు ఆపాలి, సరైన డార్టులు వాడాలి. ఈ రెండూ చేస్తే చాలామందికి స్ప్రింగు మార్చే అవసరమే రాదు. గాలి కారిపోయే బ్లాస్టర్‌కి గట్టి స్ప్రింగు వేస్తే పెరిగేది చప్పుడు, విరిగేది లోపలి ప్లాస్టిక్. దూరం మాత్రం పెద్దగా మారదు.

ఇది స్ప్రింగుతో పనిచేసే బ్లాస్టర్ల కోసం, అంటే చేత్తో వెనక్కి లాగి ట్రిగ్గర్ నొక్కే వాటి కోసం. బ్యాటరీలతో చక్రాలు తిరిగే రకం గురించి చివర్లో చెబుతాను.

ఏ బ్లాస్టర్ మీద మొదలుపెట్టాలి

స్క్రూలు మొత్తం బయటికి కనిపించే బ్లాస్టర్ తీసుకోండి. నెర్ఫ్‌లో 2012లో వచ్చిన ఎలైట్ వరస ఇందుకు బాగుంటుంది. జోల్ట్, ఫైర్‌స్ట్రైక్, స్ట్రాంగ్ఆర్మ్ లాంటివి పాతవి దొరికినా చాలు. 2020 నుంచి వస్తున్న ఎలైట్ 2.0 వరసలో కొన్ని భాగాలు గమ్ముతో అతికించి ఉంటాయి. వాటిని విప్పాలంటే పగలగొట్టినంత పని అవుతుంది. మొదటి ప్రయత్నానికి అవి వద్దు.

గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల బొమ్మల కొట్లలో దొరికే, ముందు రబ్బరు గిన్నె ఉండి గోడకు అతుక్కునే డార్టుల తుపాకులు ఈ పనికి రావు. వాటి లోపల గాలిని ఆపే రబ్బరు రింగు, అంటే ఓ-రింగే ఉండదు, ఇక సీల్ చేయడానికి ఏముంది? కొత్తది కొంటుంటే పెట్టె మీద ఐఎస్ఐ గుర్తు చూడండి. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకు అది తప్పనిసరి.

పిల్లలు రోజూ ఆడుకునే ఒకే ఒక్క బ్లాస్టర్‌ను విప్పకండి. పాడైపోయినా పర్వాలేదు అనుకునే దాంతో నేర్చుకోండి.

కావాల్సినవి

- సన్నటి, పొడుగు కాడ ఉన్న స్టార్ స్క్రూడ్రైవర్. స్క్రూలు లోతుగా ఉంటాయి కాబట్టి కాడ 10 సెంటీమీటర్లయినా ఉండాలి. సెల్‌ఫోన్ రిపేరు సెట్టులోది చిన్నదైపోతుంది, స్క్రూ తల అరిగిపోతుంది.
- టెఫ్లాన్ టేపు. ప్లంబర్లు కుళాయిలకు చుట్టే తెల్ల టేపు ఇదే, ఏ హార్డ్‌వేర్ కొట్లోనైనా ఉంటుంది.
- సిలికాన్ గ్రీజు. దీనికోసమే చాలామంది ఇబ్బంది పడతారు. వాటర్ ఫిల్టర్లు, ఆర్వోలు సర్వీసు చేసేవాళ్లను అడగండి. ఫిల్టర్ గిన్నె ఓ-రింగుకు రాసేది అదే, కొంచెం ఇవ్వమంటే ఇస్తారు.
- 2 మిల్లీమీటర్ల ఫోమ్ షీటు. స్కూలు ప్రాజెక్టులకు స్టేషనరీ కొట్లో అమ్మేది చాలు.
- పాత గుడ్డ, ఇయర్ బడ్స్, టూత్‌పిక్, నోస్ ప్లయర్, ఎమిరీ పేపర్.
- పెద్ద అట్టముక్క, పెన్ను, ఫోన్.
- పాలీకార్బొనేట్ సేఫ్టీ కళ్లద్దాలు. ఇది ఆఖర్న రాశానని ఆఖర్న కొనకండి. వెల్డింగు సామాన్ల కొట్లో తెల్లవి దొరుకుతాయి. ఐఎస్ 5983 గానీ, జడ్ 87.1 గానీ రాసి ఉన్నవి తీసుకోండి. చలువ కళ్లద్దాలు, చూపు కళ్లద్దాలు పనికిరావు. పక్కల నుంచి దూరే డార్టును అవి ఆపలేవు.

మోటార్లు, మైక్రోస్విచ్‌ల లాంటి ఎలక్ట్రికల్ సామాన్లు కావాలంటే చెన్నై రిచీ స్ట్రీటే దగ్గర. ఈ పనికి మాత్రం ఊరు దాటక్కర్లేదు.

1. ముందు ఇప్పుడెంత వేగం ఉందో కొలవండి

దాదాపు అందరూ ఈ మెట్టు దాటేస్తారు. విప్పేశాక, బిగించేశాక, "ముందుకన్నా బాగా పోతోంది అనిపిస్తోంది" అంటారు. అనిపిస్తే చాలదు, అంకె కావాలి. దీనికి ఫోను చాలు.

బ్లాస్టర్ మూతి నుంచి సరిగ్గా 3 మీటర్ల దూరంలో స్టీలు పళ్లెం నిలబెట్టండి. మధ్యలో, అంటే 1.5 మీటర్ల దగ్గర, డార్టు దారికి పక్కగా ఫోను పెట్టి సౌండ్ రికార్డర్ ఆన్ చేయండి. కళ్లద్దాలు పెట్టుకుని ఐదు షాట్లు కొట్టండి. తర్వాత ఆ రికార్డింగును కంప్యూటర్లో ఆడాసిటీలోగానీ, అలలా గీత చూపించే ఏదైనా యాప్‌లోగానీ తెరవండి. ట్రిగ్గర్ చప్పుడు ఒక ముల్లులా, పళ్లెం చప్పుడు ఇంకో ముల్లులా కనిపిస్తాయి. ఆ రెండింటి మధ్య సమయం చూసి, 3ని దాంతో భాగించండి. సెకనుకు ఎన్ని మీటర్లో వస్తుంది. దాన్ని 3.28తో గుణిస్తే సెకనుకు ఎన్ని అడుగులో, అంటే అందరూ చెప్పుకునే ఎఫ్‌పీఎస్, వస్తుంది.

ఫోను మధ్యలోనే ఎందుకంటే, రెండు చప్పుళ్లూ ఫోనును చేరడానికి ఒకే సమయం పడుతుంది. లెక్కలో తేడా రాదు. ఫోను మీ పక్కనే పెట్టుకుంటే పళ్లెం చప్పుడు ఆలస్యంగా చేరి వేగం తక్కువగా కనిపిస్తుంది.

0.15 సెకన్లు వస్తే 20 మీటర్లు, అంటే సుమారు 66 ఎఫ్‌పీఎస్. 0.14 అయితే 70. 0.11 అయితే 89. 0.10 అయితే 98. మామూలు ఎలైట్ బ్లాస్టర్లు ఏమీ మార్చకుండా 70 దగ్గర ఉంటాయి. మీది 50 దగ్గర ఉంటే లోపల లీకు ఉందని గట్టిగా అనుమానించండి.

ఐదు షాట్ల అంకెలూ రాసుకోండి, సగటు ఒక్కటే రాయకండి. వాటి మధ్య తేడా ఎంతుందో తర్వాత పనికొస్తుంది.

2. డార్టులు ఏరండి

బ్లాస్టర్ విప్పకుండానే ఫలితం కనిపించే పని ఇది. ఎలైట్ డార్టు పొడవు 72 మిల్లీమీటర్లు, మందం సుమారు 13, బరువు దాదాపు ఒక గ్రాము. మీ దగ్గరున్న డార్టులన్నీ బల్ల మీద దొర్లించండి. వంకరగా దొర్లేవి పక్కన పెట్టండి. వేళ్లతో నలిపితే తిరిగి గుండ్రంగా రానివి, తోక చిరిగినవి, తల ఊగుతున్నవి కూడా పక్కనే. మిగిలినవాటితో మళ్లీ ఐదు షాట్లు కొట్టి చూడండి. ఈ ఒక్క పనితోనే గురి బాగుపడిందని చెప్పేవాళ్లు చాలామంది.

తల ఊడిన డార్టును ఫెవిక్విక్‌తో అతికించకండి. అది ఎండాక రాయిలా గట్టిపడి అంచు పదునెక్కుతుంది. పైగా ఫోమ్‌ను పెళుసు చేస్తుంది. ఊడినవి పారేయడమే మంచిది. దూరం పోతుందని డార్టు తలలో స్క్రూ, మేకు, సీసం ముక్క పెట్టేవాళ్లు ఉన్నారు. అలాంటి డార్టు కంటికి తగిలితే ఆ కన్ను పోతుంది. మీ స్నేహితుల్లో ఎవరైనా అలా చేస్తుంటే వాళ్లతో ఆట ఆపేయండి.

3. విప్పడం

మ్యాగజైన్ (డార్టులు నింపే డబ్బా) తీసేయండి, డార్టులు తీసేయండి, స్ప్రింగు లాగి లేదని చూసుకోండి. లాగి ఉన్న బ్లాస్టర్‌ను విప్పితే లోపలి సామాను మొహం మీదికి ఎగురుతుంది. కళ్లద్దాలు ఈ పనికీ పెట్టుకోవాలి.

అట్టముక్క మీద బ్లాస్టర్ ఆకారం గీయండి. తీసిన ప్రతి స్క్రూను అట్ట మీద దాని చోట్లోనే గుచ్చండి. పొడవుల్లో తేడా ఉంటుంది. పొడుగు స్క్రూ పొట్టి దాని చోట్లోకి పోతే అవతలి పక్క ప్లాస్టిక్ పగులుతుంది.

స్క్రూలన్నీ తీశాక రెండు చిప్పలూ విడిపోవాలి. విడిపోకపోతే బలంగా లాగకండి. స్టిక్కర్ కిందో, లాగే పిడి కిందో ఇంకో స్క్రూ దాక్కుని ఉంటుంది. వేలితో స్టిక్కర్ల మీద తడిమి చూడండి, గుంట తగులుతుంది.

పైచిప్ప ఎత్తాక ఏదీ ముట్టుకోకముందే ఫోటోలు తీయండి. పై నుంచి ఒకటి, ట్రిగ్గర్ దగ్గర ఒకటి, చిన్న స్ప్రింగులు ఉన్న చోటల్లా దగ్గర నుంచి ఒక్కోటి. చిన్న స్ప్రింగు ఎగిరి మంచం కిందికి పోతే దొరకడం కష్టం. అందుకని కొంతమంది పెద్ద ట్రాన్స్‌పరెంట్ పాలిథిన్ కవరులో చేతులు పెట్టి విప్పుతారు. మొదటిసారికి అది మంచి పద్ధతే. ఫ్యాను ఆపేయడం మర్చిపోకండి.

4. అసలు పని: సీల్

లోపల పొడుగాటి గొట్టం ఉంటుంది, అది ప్లంజర్ ట్యూబు. అందులో ముందుకూ వెనక్కూ పోయే కడ్డీ ప్లంజర్. దాని తల చుట్టూ ఉన్న నల్ల రబ్బరు రింగే ఓ-రింగు. స్ప్రింగు ప్లంజర్‌ను తోస్తుంది, ప్లంజర్ గాలిని తోస్తుంది, ఆ గాలి డార్టును తోస్తుంది. రింగు పక్కల నుంచి గాలి తప్పించుకుంటే అంత మేరకు డార్టుకు బలం తగ్గినట్టే.

ముందు పరీక్షించండి. ట్యూబు బయటికి తీసి, స్ప్రింగు పక్కన పెట్టి, గాలి బయటికొచ్చే కన్నాన్ని బొటనవేలితో గట్టిగా మూయండి. రెండో చేత్తో ప్లంజర్‌ను లోపలికి తోయండి. గాలి దిండులా ఎదురు తన్ని, వదిలితే వెనక్కి రావాలి. మెత్తగా చివరిదాకా దిగిపోతే లీకు ఉన్నట్టు.

లీకు ఉంటే ఇలా చేయండి. టూత్‌పిక్‌తో ఓ-రింగును పైకి లేపి తీయండి. కత్తి, సూది వాడితే రబ్బరు తెగుతుంది. గాడిలో ఉన్న పాత గ్రీజు, దుమ్ము గుడ్డతో తుడవండి. టెఫ్లాన్ టేపును గాడి వెడల్పుకు సరిపోయేలా కత్తిరించి, గాడి అడుగున రెండు చుట్లు వేయండి. దాని మీద ఓ-రింగు ఎక్కించండి. మళ్లీ బొటనవేలి పరీక్ష. ఇంకా లీకైతే ఒక్క చుట్టు కలపండి, మళ్లీ చూడండి. ఒకేసారి ఐదారు చుట్లు వేయకండి.

ఎందుకంటే మరీ బిగుసుకున్నా నష్టమే. కన్నం తెరిచి ఉంచి ప్లంజర్‌ను ఒక వేలితో మెల్లగా తోస్తే జారిపోవాలి. రెండు చేతుల బలం కావాల్సి వస్తే టేపు ఎక్కువైంది. స్ప్రింగు బలమంతా ఆ రాపిడికే పోతుంది. మూస్తే ఆగాలి, తెరిస్తే జారాలి. ఈ రెండూ కుదిరేదాకా టేపు వేస్తూ తీస్తూ ఉండండి. మొత్తం పనిలో ఎక్కువ ఓపిక ఇక్కడే పెట్టండి.

ఇప్పుడు గ్రీజు. మెంతిగింజంత సిలికాన్ గ్రీజు రింగు చుట్టూ పలచగా రాసి, ప్లంజర్‌ను ట్యూబులో నాలుగైదు సార్లు ఆడించండి. ఎక్కువ రాస్తే అది బ్యారెల్లోకి (డార్టు బయటికి పోయే గొట్టంలోకి) చేరి డార్టులకు అంటుకుంటుంది. దుమ్ము పట్టిన డార్టు వంకర పోతుంది.

కొబ్బరినూనె రాయొచ్చా, కుట్టుమిషన్ నూనె రాయొచ్చా, వాజలైన్ రాయొచ్చా అని అడుగుతారు. మూడూ వద్దు. పెట్రోలియం సరుకులకు కొన్ని రకాల రబ్బరు ఉబ్బుతుంది. కొబ్బరినూనె కొన్నాళ్లకు జిగటగా మారి దుమ్మునంతా పట్టేస్తుంది. తుప్పు వదిలించే స్ప్రేలు కూడా ఇక్కడ పనికిరావు. సిలికాన్ గ్రీజు దొరకకపోతే దొరికేదాకా పొడిగానే ఉంచండి.

ప్లంజర్ తల ముందు భాగానికి 2 మిల్లీమీటర్ల ఫోమ్ షీటును గుండ్రంగా కత్తిరించి అతికిస్తే దెబ్బ మెత్తబడుతుంది, చప్పుడు తగ్గుతుంది. గాలి పోయే కన్నానికి అది అడ్డం రాకుండా చూసుకోండి. ఇది చేయకపోయినా నడుస్తుంది. కానీ ముందు ముందు స్ప్రింగు గట్టిపరిచే ఆలోచన ఉంటే తప్పకుండా చేయండి.

ఈ మెట్టు కాగానే బ్లాస్టర్ బిగించి మళ్లీ వేగం కొలవండి. చాలామంది పని ఇక్కడితో అయిపోతుంది.

5. ఎయిర్ రిస్ట్రిక్టర్: తీయాలా, ఉంచాలా

ప్లంజర్ ట్యూబు ముందు చివర చిన్న స్ప్రింగుతో ఒక ప్లాస్టిక్ పుల్ల ఉంటుంది. డార్టు ఉంటేనే గాలిని వదిలే తలుపు అది. డార్టు లేకుండా ట్రిగ్గర్ నొక్కితే గాలిని లోపలే ఆపి ప్లంజర్‌ను కాపాడుతుంది. దాన్ని తీసేస్తే గాలికి అడ్డం తగ్గి కొంత వేగం వస్తుంది.

నా సలహా: చిన్నపిల్లలు ఆడే బ్లాస్టర్ అయితే ఉంచేయండి. వాళ్లు డార్టు పెట్టకుండా టకటకా నొక్కుతూనే ఉంటారు. రిస్ట్రిక్టర్ లేని ట్యూబు ఆ దెబ్బలకు ముందు చివర పగులుతుంది. పెద్దవాళ్లు జాగ్రత్తగా వాడేదయితే తీయొచ్చు. తీసేటప్పుడు డ్రిల్ మిషన్ వాడకండి, బిట్టును చేత్తో తిప్పుతూ కొంచెం కొంచెంగా తొలచండి. మిషన్ వేగానికి ప్లాస్టిక్ కరిగి ట్యూబు గోడకు అంటుకుంటుంది. తర్వాత ఎమిరీ పేపర్‌తో అంచులు నున్నగా చేసి, పొట్టు ఒక్క రేణువు కూడా లేకుండా తుడవండి. ఒక పొట్టు రేణువు ఓ-రింగు కింద చేరినా, మీరు కష్టపడి చేసిన సీల్ మొత్తం పోతుంది.

ఇరుక్కున్న డార్టును తీసే తలుపు తెరిచి ఉండగా, మ్యాగజైన్ లేనప్పుడు ట్రిగ్గర్ పనిచేయకుండా ఆపే లాకులు కొన్ని బ్లాస్టర్లలో ఉంటాయి. వాటిని ఎవరో తీసేయమన్నారని తీయకండి. వేగానికీ వాటికీ సంబంధం లేదు. వేలు నలగకుండా కాపాడేవి అవే.

6. స్ప్రింగు, అదీ కావాలంటేనే

సీల్ సరిగ్గా ఉండి, డార్టులు బాగుండి, ఇంకా కావాలనుకుంటేనే ఇక్కడికి రండి. మొదట కొత్త స్ప్రింగు కాదు, పాత స్ప్రింగు వెనక స్పేసర్. ప్లంబింగు పైపు నుంచి 5 మిల్లీమీటర్ల రింగు కోసి, అంచులు రుద్ది, స్ప్రింగు వెనక చివర పెట్టండి. స్ప్రింగు అంత మేరకు ముందే నొక్కుకుని ఉంటుంది కాబట్టి బలం కొంచెం పెరుగుతుంది. చాలకపోతే 10 వరకు పోవచ్చు. అంతకుమించి నేను చెప్పను.

పెట్టేముందు ఒక లెక్క చూడండి. స్ప్రింగు తీగ మందాన్ని చుట్ల సంఖ్యతో గుణించండి. తీగ 1.2 మిల్లీమీటర్లు, చుట్లు 30 అనుకుంటే 36 మిల్లీమీటర్లు. స్ప్రింగు అంతకంటే చిన్నది కాలేదు. పూర్తిగా వెనక్కి లాగినప్పుడు స్పేసర్ పోగా మిగిలే చోటు దానికంటే ఎక్కువ ఉండాలి. లేకపోతే పిడి చివరిదాకా రాదు, క్యాచ్ పట్టదు. అప్పుడు బలంగా లాగితే పిడి చేతికొస్తుంది.

క్యాచ్ అంటే వెనక్కి లాగిన ప్లంజర్‌ను పట్టుకునే చిన్న ముక్క. బలం పెరిగితే అది జారవచ్చు, అంటే ట్రిగ్గర్ నొక్కకుండానే డార్టు పోతుంది. ఇది ప్రమాదం. బాల్‌పెన్ స్ప్రింగు ముక్కను క్యాచ్ స్ప్రింగు లోపల దూర్చితే పట్టు పెరుగుతుంది. బిగించాక, డార్టు లేకుండా, గోడవైపు పెట్టి పదిసార్లు లాగి, ప్రతిసారీ బ్లాస్టర్‌ను అరచేత్తో తట్టి చూడండి. రిస్ట్రిక్టర్ తీసి ఉంటే ఊరికే ట్రిగ్గర్ నొక్కేయకండి, పిడి గట్టిగా పట్టుకుని ట్రిగ్గర్ నొక్కి మెల్లగా ముందుకు వదలండి. ఆ సౌకర్యం లేని మోడలైతే ముందు ఒక డార్టు పెట్టి గోడకేసి కొట్టండి. ఒక్కసారి జారినా స్పేసర్ తీసేయాలి.

రెండు స్ప్రింగులు ఒకదాంట్లో ఒకటి దూర్చడం, స్కూటర్ మెకానిక్ దగ్గర తెచ్చిన స్ప్రింగు కోసి వేయడం, రబ్బరు బ్యాండ్లు కట్టడం... ఇవన్నీ వీడియోల్లో కనిపిస్తాయి. ఇవి చేసినవాళ్ల బ్లాస్టర్లలో ప్లంజర్ కడ్డీయో, క్యాచో విరిగి ఉంటుంది. కంపెనీ ప్లాస్టిక్‌ను కంపెనీ స్ప్రింగుకు తగ్గట్టే చేశారు.

ఎంత వేగం చాలు అంటే, పిల్లలతో ఆడితే 70 దగ్గరే ఉండండి. పెద్దవాళ్ల మధ్య, అందరికీ సేఫ్టీ కళ్లద్దాలు ఉంటే 100. గ్రాము డార్టు 70 ఎఫ్‌పీఎస్ దగ్గర సుమారు 0.23 జౌల్ శక్తితో తగులుతుంది, 98 దగ్గర 0.45. అంకె సగం కూడా పెరగలేదు, దెబ్బ మాత్రం రెట్టింపయింది. ఆటకు ముందు అందరికీ ఈ లెక్క చెప్పండి.

7. బ్యారెల్ మార్చాలనుకుంటే

ఒక్కో డార్టు పెట్టి కొట్టే చిన్న బ్లాస్టర్లకు మాత్రమే ఇది. మ్యాగజైన్ ఉన్నవాటికి వద్దు. వేడినీళ్ల లైనుకు వేసే మీగడ రంగు సీపీవీసీ పైపు, అర అంగుళంది, బయటి కొలత 15.9 మిల్లీమీటర్లు. దాంట్లో రెండు మందాలు ఉంటాయి, పైపు మీదే అచ్చు వేసి ఉంటుంది. ఎస్‌డీఆర్ 11 గోడ మందం కాబట్టి లోపల ఇరుకు, 12.5 దగ్గర. ఎస్‌డీఆర్ 13.5 లోపల 13 దగ్గర. కొట్టుకు పోయేటప్పుడు మీ డార్టు జేబులో వేసుకుపోండి. పైపు తలకిందులు చేస్తే డార్టు జారిపడకూడదు, అటునుంచి ఊదితే సులభంగా బయటికి రావాలి. అదే మీకు సరిపోయే పైపు.

పొడుగు పెరిగేకొద్దీ వేగం పెరుగుతుందనుకోవడం పొరపాటు. చిన్న ప్లంజర్‌లో ఉన్న గాలి అయిపోయాక మిగిలిన పైపంతా డార్టుకు రాపిడే. పొడుగు ముక్కతో మొదలుపెట్టి, ఒక్కో సెంటీమీటరు కోస్తూ, ప్రతిసారీ వేగం కొలవండి. వేగం పెరగడం ఆగిన చోట ఆపండి. అంచు ఎమిరీ పేపర్‌తో నున్నగా చేయాలి, లేకపోతే డార్టులు చీలతాయి.

8. బిగించడం

ఫోటోలు చూసుకుంటూ ముక్కలు పేర్చండి. పైచిప్ప పెట్టాక ఒత్తకుండానే సరిగ్గా కూర్చోవాలి. ఎక్కడైనా సందు కనిపిస్తే లోపల ఏదో ముక్క దాని గుంటలో లేదు. స్క్రూతో లాగి సందు మూయకండి, విప్పి చూడండి.

ప్రతి స్క్రూను ముందు ఎడమవైపు తిప్పండి. టిక్కుమని పాత గాడిలో పడుతుంది, అప్పుడు కుడివైపు తిప్పండి. నేరుగా కుడివైపు తిప్పితే కొత్త గాడి కోసుకుంటుంది. రెండుమూడు సార్లకు ప్లాస్టిక్ అరిగి స్క్రూ ఊరికే తిరుగుతుంది. బిగిసిందని తెలియగానే ఆపండి.

తర్వాత మొదటి మెట్టులో చేసినట్టే 3 మీటర్ల కొలత. పాత అంకెల పక్కన కొత్తవి రాయండి. రెండు చూడండి: సగటు పెరిగిందా, ఐదు షాట్ల మధ్య తేడా తగ్గిందా. నన్నడిగితే రెండోదే ముఖ్యం. 75, 76, 74, 75, 76 వచ్చే బ్లాస్టర్‌తో గురి కుదురుతుంది. 95, 70, 88, 62, 90 వచ్చేదాంతో ఎదురుగా ఉన్న గోడకు కూడా నమ్మకంగా తగలదు.

ఫలితం రాకపోతే

వేగం ముందుకన్నా తగ్గిందా? టేపు ఎక్కువై ప్లంజర్ బిగుసుకుంది, లేదా ఫోమ్ షీటు గాలి కన్నాన్ని మూసింది.

చప్పుడు పెరిగింది, వేగం పెరగలేదా? సీల్ దగ్గరే లీకు. లేదా బ్యారెల్ వెనక చివర ట్యూబుకు సరిగ్గా అతకడం లేదు. అక్కడ పలచటి గ్రీజు, అవసరమైతే ఒక చుట్టు టేపు.

మొదటి రోజు బాగుండి తర్వాత తగ్గిందా? గ్రీజుకు దుమ్ము పట్టింది, తుడిచి మళ్లీ రాయండి. లేదా ఓ-రింగు గాడి నుంచి పక్కకు జరిగింది.

వేగం బాగుంది, డార్టు సుడి తిరుగుతూ పక్కకు పోతోందా? డార్టులదే తప్పు. 90 దాటాక పాత డార్టులు ఇలాగే చేస్తాయి.

బ్యాటరీ బ్లాస్టర్ల గురించి

స్ట్రైఫ్ లాంటివాటిలో రెండు మోటార్లు, రెండు చక్రాలు, నాలుగు పెన్సిల్ సెల్లులు. వీటికి సీల్‌తో పనిలేదు. చక్రాల మీద పేరుకున్న ఫోమ్ మసిని పొడి గుడ్డతో తుడవండి, మంచి ఆల్కలైన్ సెల్లులుగానీ రీఛార్జ్ అయ్యే నికెల్ సెల్లులుగానీ వేయండి, మోటార్ ఆన్ చేశాక ఒక సెకను ఆగి ట్రిగ్గర్ నొక్కండి. ఈ మూడు చేసినా తృప్తి లేనివాళ్లే ముందుకు పోవాలి.

అందరూ చేసే ప్రమాదకరమైన పని ఒకటుంది. 14500 అని రాసి ఉండే లిథియం సెల్లు చూడ్డానికి పెన్సిల్ సెల్లులాగే ఉంటుంది, కానీ 1.5 వోల్టులు కాదు, 3.7. నాలుగు వేస్తే 6 బదులు 14.8 వోల్టులు. లోపలి సన్నటి వైర్లు వేడెక్కి ఇన్సులేషన్ కరుగుతుంది, మోటార్లు కాలిపోతాయి, సెల్లు కూడా అంటుకోవచ్చు. ఎప్పటికీ చేయకండి.

లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ పెట్టాలంటే సోల్డరింగు బాగా వచ్చి ఉండాలి. 7.4 వోల్టులు చాలు. వైరు 18 గేజి, స్విచ్ 10 ఆంపియర్లు తట్టుకునేది, వోల్టేజీ తగ్గితే అరిచే అలారం కూడా ఉండాలి. ఒక్కో సెల్లు 4.2 వోల్టులు దాటకూడదు, 3 కంటే తగ్గకూడదు. ఉబ్బిన బ్యాటరీని మళ్లీ వాడకూడదు. ఛార్జింగు పెట్టి నిద్రపోకూడదు. మన ఎండల్లో స్కూటర్ డిక్కీలో గానీ, ఆపిన కారులో గానీ ఉంచకండి. స్కూలు పిల్లలకైతే లైపో వద్దే వద్దు.

ఆడే ముందు

ఆడేవాళ్లకే కాదు, చూస్తూ నిలబడ్డవాళ్లకు కూడా కళ్లద్దాలు. మెడ పైకి గురి పెట్టకూడదు. మూతిలోకి ఎప్పుడూ తొంగి చూడకూడదు, డార్టు ఇరుక్కున్నా సరే.

బ్లాస్టర్‌కు నల్ల రంగు వేయకండి. నారింజ, నీలం రంగులు అలాగే ఉండనివ్వండి. తిరుపతి రోడ్ల మీద పోలీసులు, యాత్రికులు ఎప్పుడూ ఉంటారు. దూరం నుంచి అది బొమ్మ అని తెలియాలి. సంచిలో పెట్టి తీసుకుపోండి, చేత్తో ఊపుకుంటూ వద్దు. కొండకు పోయేటప్పుడు అసలు తీసుకుపోకండి. అలిపిరి దగ్గర సామాను స్కాన్ చేస్తారు, తుపాకీ ఆకారం కనిపిస్తే మీ ఇంటిల్లిపాదీ అక్కడే ఆగిపోతారు. రేణిగుంట నుంచి విమానం ఎక్కేటప్పుడు చేతి సంచిలో పెట్టకండి.

మిద్దె మీద ఆడితే పిట్టగోడ దాటి డార్టులు రోడ్డు మీద పడతాయి. బండి మీద పోయేవాళ్లకు తగిలితే ప్రమాదం. నలువైపులా గోడలున్న ఖాళీ స్థలం, అది కూడా అడిగి తీసుకున్నది, మేలు. కోతుల మీద, కుక్కల మీద కొట్టకండి. అవి డార్టును నమిలి మింగితే కడుపులో ఇరుక్కుంటుంది. ఆట అయ్యాక డార్టులన్నీ లెక్కపెట్టి ఏరుకోవడం కూడా అందుకే.

ఇంటికొచ్చాక స్ప్రింగు లాగి ఉంచకుండా, మ్యాగజైన్ ఖాళీ చేసి, ఎండ తగలని చోట పెట్టండి. నెలల తరబడి మ్యాగజైన్‌లో ఇరుకుగా ఉన్న డార్టులు నలిగిపోతాయి. అక్టోబరు, నవంబరు వానల్లో తడిస్తే విప్పి స్ప్రింగు తుడిచి ఆరబెట్టండి, తుప్పు పడితే అది ట్యూబు గోడను గీస్తుంది.